నీలిరంగు చెప్పే లెక్క
(జీవరసాయన శాస్త్రం డిగ్రీలో ఏం చదువుతారు?)

నోట్లో వూరే లాలాజలం పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుందని మీరు హైస్కూలు పాఠాల్లో చదివే వుంటారు. ప్రయోగం కూడా చేసి వుంటారు. రెండు పరీక్షనాళికల్లో పిండి కలిపిన నీళ్ళు పోస్తారు. ఒకదానిలో లాలాజలం కలుపుతారు. కాసేపాగి రెండింటిలోనూ అయోడిన్ చుక్క వేస్తే, లాలాజలం లేనిదానిలో నీలినలుపు రంగు వస్తుంది, వున్నదానిలో రాదు. ‘పిండి మారిపోయింది’ అని రికార్డులో రాసి, బొమ్మ వేసి, మాస్టారి చేత సంతకం పెట్టించుకుంటారు. అక్కడితో ఆ ప్రయోగం అయిపోయినట్లే.

డిగ్రీలో జీవరసాయన శాస్త్రం, అంటే బయోకెమిస్ట్రీ, తీసుకున్న విద్యార్థులు కూడా ఇదే ప్రయోగం చేస్తారు. అదే లాలాజలం, అదే పిండి, అదే అయోడిన్. అయితే వాళ్ళు అడిగే ప్రశ్నలు వేరు. ఎన్ని నిమిషాల్లో మారింది? లాలాజలాన్ని పదిరెట్ల నీళ్ళతో పలచన చేస్తే ఎంతసేపు పడుతుంది? 37 డిగ్రీల దగ్గర ఎంత, 20 డిగ్రీల దగ్గర ఎంత? ముందుగా లాలాజలాన్ని మరిగిస్తే ఏమవుతుంది? కొంచెం ఆమ్లం కలిపితే? తెల్ల పింగాణీ పలక మీద వరుసగా అయోడిన్ చుక్కలు పెట్టుకొని, అర నిమిషానికొకసారి నాళికలోంచి ఒక బొట్టు తీసి ఒక్కొక్క చుక్కలో కలుపుతూ పోతారు. మొదటి చుక్క ముదురు నీలం. తర్వాత వూదా. ఆ తర్వాత ఎరుపు కలిసిన గోధుమరంగు. చివరికి అయోడిన్ పసుపురంగు తప్ప ఇంకేమీ కనిపించదు. ఆ చివరి చుక్క దగ్గర గడియారం చూసి కాలం రాసుకుంటారు.

పిండి అణువులు కంటికి కనిపించవు. వాటిని ముక్కలు చేసే అమైలేజ్ అనే ఎంజైమూ కనిపించదు. కనిపించేది రంగు, చేతిలో వున్నది గడియారం. ఈ రెండింటితోనే, కనిపించని పనివాడు ఎంత చురుకుగా పనిచేస్తున్నాడో లెక్కకట్టాలి. జీవరసాయన శాస్త్రమంతా ఇలాంటి పనే. పుస్తకాలు చాలా లావుగా వుంటాయి, పేర్లు నోరు తిరగవు. కాని మూడు నాలుగేళ్ళలో విద్యార్థి నిజంగా నేర్చుకోవలసింది ఒకటుంది: కంటికి కనపడనిదాన్ని గురించి ‘ఇది ఇంత వున్నది, ఇలా వున్నది’ అని ఏ ధైర్యంతో చెప్పగలం?

ఇక అణుజీవశాస్త్రం. ఈ పేరులో ‘అణు’ అనగానే బాంబు గుర్తుకు తెచ్చుకోకండి. అణువు అంటే పరమాణువులు కొన్ని కలిసి ఏర్పడినది. జీవకణంలో వున్న డి.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ., మాంసకృత్తుల వంటి పెద్ద పెద్ద అణువులు తల్లిదండ్రుల లక్షణాలను పిల్లలకు ఎలా చేరవేస్తాయి, కణం చేత పనులు ఎలా చేయిస్తాయి అనే సంగతులు చెప్పేది అణుజీవశాస్త్రం. మాంసకృత్తులంటే ప్రోటీన్లు. పేరు చూసి అవి మాంసంలోనే వుంటాయనుకోవద్దు. కందిపప్పులోనూ బోలెడున్నాయి. మన ఎంజైములు కూడా దాదాపు అన్నీ మాంసకృత్తులే. లాలాజలాన్ని మరిగిస్తే అది పని మానేసేది అందుకే. ఉడికిన కోడిగుడ్డు తెల్లసొన మళ్ళీ పచ్చిసొన కానట్లే, మరిగిన ఎంజైము కూడా తన ఆకారం పోగొట్టుకుంటుంది.

మొదటి ఏడాది: నీళ్ళు, ఉప్పు, లాగరిథమ్

డి.ఎన్.ఏ. చూడాలని ఉత్సాహంగా చేరినవారికి మొదటి సంవత్సరం కాస్త నిరుత్సాహంగానే వుంటుంది. తూకం వేయడం, పిపెట్టుతో సరిగ్గా ఒక మిల్లీలీటరు తీయడం, బఫరు ద్రావణం తయారు చేయడం, ఇవే నెలల తరబడి చేయిస్తారు. బఫరు అంటే కొంచెం ఆమ్లమో క్షారమో వచ్చి పడినా తన పీహెచ్‌ను అంతగా మారనివ్వని ద్రావణం. మన నెత్తురు అటువంటిదే. ఆరోగ్యంగా వున్న మనిషి నెత్తురు పీహెచ్ 7.35కీ 7.45కీ మధ్యనే వుంటుంది.

‘7.4 నుంచి 7.1కి దిగితే ఏం పోయింది, తేడా 0.3యే గదా’ అనుకుంటారేమో! పీహెచ్ అనేది హైడ్రోజన్ అయాన్ల గాఢతకు లాగరిథమ్ లెక్కలో రాసిన అంకె. 2కి లాగరిథమ్ 0.3010 అని పట్టికలో చూసే వుంటారు. అంటే పీహెచ్ 0.3 తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్లు రెట్టింపైనాయన్నమాట. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. లెక్కలంటే భయపడి బై.పి.సి.లో చేరేవాళ్ళు ప్రతి యేటా కనిపిస్తూనే వుంటారు. జీవరసాయన శాస్త్రంలో లెక్కలు వదలవు, ముందే చెబుతున్నాను. అయితే అవి కఠినమైనవి కావు. నిష్పత్తులు, లాగరిథమ్‌లు, గ్రాఫు గీయడం వస్తే చాలావరకు గట్టెక్కవచ్చు.

నీలం ఎలా లెక్క చెబుతుంది?

ఈ చదువులో దేశమంతటా విద్యార్థులు చేసే ప్రయోగం ఒకటి వుంది. మన తెలుగువారి పేరు దానికి అంటుకొని వుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. అది ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంత వున్నదో కనిపెట్టే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి.

ఫాస్ఫేటు వున్న ద్రావణంలో ఆమ్లంతో పాటు అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఒక సంయోగ పదార్థం ఏర్పడుతుంది. దానికి తగిన క్షయకరణి కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువ వుంటే నీలం ముదురు, తక్కువ వుంటే లేత. ఇంతవరకు సులభమే. కాని ‘ముదురు’, ‘లేత’ అంటే ఎంత? మీకు ముదురుగా కనిపించింది నాకు లేతగా కనిపించవచ్చు. అందుకని కలరీమీటరు అనే పరికరంలో ఆ నీలి ద్రావణం గుండా ఎర్రని కాంతిని పంపుతారు. నీలి ద్రావణం ఎరుపును మింగుతుంది. ఎంత మింగిందో పరికరం అంకెల్లో చూపుతుంది.

అంకె వచ్చింది గదా, పని అయిపోయిందా? లేదు. మనం కలిపిన మందుల వల్లనే కొంచెం రంగు వచ్చి వుండవచ్చు గదా! కనుక అన్ని మందులూ కలిపి, ఫాస్ఫరస్ మాత్రం వేయకుండా ఒక నాళిక పెట్టుకోవాలి. దాన్ని ‘బ్లాంక్’ అంటారు. పరికరాన్ని దాని దగ్గర సున్నాకు సరిచేస్తారు. తర్వాత ఫాస్ఫరస్ ఎంత వున్నదో మనకు ముందే తెలిసిన నాళికలు కొన్ని కావాలి. వాటిని ‘స్టాండర్డ్’ అంటారు. వుదాహరణకు 10 మైక్రోగ్రాములున్న నాళిక 0.12 చూపింది, 20 వున్నది 0.24, 30 వున్నది 0.36 చూపిందనుకోండి. గ్రాఫు గీస్తే తిన్నని గీత వస్తుంది. ఇప్పుడు తెలియని నాళిక 0.30 చూపితే అందులో 25 మైక్రోగ్రాములున్నట్లు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. మన కొట్టులో తక్కెడ దాన్ని పట్టలేదు, కాని ఆ నీలిరంగు పడుతుంది.

ఈ పద్ధతిని 1925లో ప్రచురించినవారు అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో పనిచేసే సైరస్ ఫిస్కే, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న యల్లాప్రగడ సుబ్బారావు. సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళాడు.

అసలు కథ ఆ తర్వాతిది. ఇదే పద్ధతితో వాళ్ళు కండరాల నుంచి తీసిన రసంలో ఫాస్ఫేటును కొలవబోయారు. మామూలు ఫాస్ఫేటు అయితే కొద్ది నిమిషాల్లో నీలం పూర్తిగా వచ్చి ఆగుతుంది. కండర రసంలో అలా జరగలేదు. రంగు ఆలస్యంగా వచ్చింది, చూస్తుండగా ఇంకా ఇంకా ముదురుతూ పోయింది. ఇటువంటిది మీకు జరిగితే ఏం చేస్తారు? ‘నాళిక సరిగా కడగలేదు కాబోలు’ అని పారబోసి మళ్ళీ మొదలుపెడతారు. లేదా నిర్ణీత కాలానికి ఏ అంకె వస్తే ఆ అంకె రాసుకొని వూరుకుంటారు. వాళ్ళు అలా చేయలేదు. నీలం నెమ్మదిగా పెరుగుతున్నదంటే, ఫాస్ఫేటు నెమ్మదిగా ఎక్కడినుంచో విడుదల అవుతున్నదన్నమాట! అంటే కండరంలో ఫాస్ఫేటు వేరొకదానితో ముడిపడి వుండాలి. పరీక్ష కోసం కలిపిన ఆమ్లమే ఆ ముడిని విప్పుతుండాలి. ఈ దారి పట్టుకొని పోగా దొరికినది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వాళ్ళు దాన్ని ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఫిలిప్, గ్రేస్ ఎగుల్టన్ దంపతులు కూడా విడిగా ఆ పదార్థం జాడ కనిపెట్టారు.

అప్పటికి కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని శాస్త్రజ్ఞులు నమ్ముతున్నారు. కండరాల మీద చేసిన పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ నమ్మకం కదిలింది. కండరం పనిచేస్తే ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతుంది. 1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం అసలు తయారు కాకుండా చేసినా కండరం ముడుచుకోగలదని చూపించాడు. ఈలోగా 1929లో ఫిస్కే, సుబ్బారావులు ఒకవైపు, జర్మనీలో కార్ల్ లోమన్ మరొకవైపు, ఏ.టి.పి. అనే మరో ఫాస్ఫేటు పదార్థాన్ని కనుగొన్నారు. జీవకణం శక్తిని ఖర్చు పెట్టేటప్పుడు వాడే చిల్లర నాణెం లాంటిది ఏ.టి.పి. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఇది కొద్దిగానే వుంటుంది. కాని విరుగుతూ, తిరిగి తయారవుతూ రోజంతా చేతులు మారేదాన్ని కూడితే పదుల కిలోలవుతుంది.

డిగ్రీలో గ్లూకోజు విచ్ఛిత్తి గురించి పది మెట్లున్న పాఠం ఒకటి వస్తుంది. దాన్ని విద్యార్థులు పద్యంలా బట్టీ పడతారు. బట్టీకి ముందు ఏ.టి.పి. ఖాతా రాసుకొమ్మని నా సలహా. ఒక గ్లూకోజు అణువుకు మొదట రెండు ఏ.టి.పి.లు ఖర్చు. తర్వాత నాలుగు రాబడి. నికరంగా రెండు మిగులు. ఈ జమాఖర్చు తెలిసినవారికి పది మెట్లూ ఎందుకున్నాయో అర్థమవుతుంది.

రెండు పోగుల తాడు

అణుజీవశాస్త్రంలో కూడా పద్ధతి ఇదే, పరికరాలు వేరు. డి.ఎన్.ఏ. రెండు పోగులు మెలివేసిన తాడులా వుంటుందని 1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించారు. కణం రెండుగా చీలేముందు ఈ తాడుకు నకలు తయారు కావాలి గదా! పాత తాడు పాతగానే వుండి, పక్కన పూర్తిగా కొత్త తాడు తయారవుతుందా? లేక పాత పోగులు విడిపోయి, ఒక్కొక్కటి పక్కన ఒక కొత్త పోగును పేనుకుంటుందా? లేక పాతా కొత్తా ముక్కలు ముక్కలుగా కలిసిపోతాయా? కంటితో చూడలేని ఈ వ్యవహారాన్ని మెసెల్సన్, స్టాల్ అనే ఇద్దరు 1958లో ప్రచురించిన ప్రయోగంతో తేల్చారు.

వాళ్ళు బాక్టీరియాలను బరువైన నైట్రోజన్ వున్న ఆహారంలో తరాల తరబడి పెంచారు. మామూలు నైట్రోజన్ పరమాణు భారం 14, దీనిది 15. దాంతో ఆ బాక్టీరియాల డి.ఎన్.ఏ. అంతా కొంచెం బరువెక్కింది. తర్వాత వాటిని హఠాత్తుగా మామూలు నైట్రోజన్ ఆహారంలోకి మార్చారు. ఇక తయారయ్యే కొత్త పోగులన్నీ తేలికవి. ఒక తరం గడిచాక డి.ఎన్.ఏ.ను తీసి, సీజియం క్లోరైడ్ అనే లవణపు ద్రావణంలో వేసి, అత్యంత వేగంగా తిప్పారు. బరువును బట్టి డి.ఎన్.ఏ. తన చోటు తాను వెతుక్కుంటుంది. ఒకే ఒక చార కనిపించింది, బరువుకూ తేలికకూ సరిగ్గా మధ్యన! పాత తాడు చెక్కుచెదరకుండా వుండివుంటే బరువు చార ఒకటి, తేలిక చార ఒకటి రావాలి. కనుక మొదటి వూహ పోయింది. రెండో తరం తర్వాత సగం మధ్యన, సగం తేలిక చోట నిలిచాయి. దానితో మూడో వూహా పోయింది, ఎందుకో మీరే కాగితం మీద పోగులు గీసి చూడండి. పాతవాటికి ఒక రంగు పెన్సిలు, కొత్తవాటికి ఇంకో రంగు వాడండి.

డిగ్రీ విద్యార్థులు స్వయంగా చేసేది ఇంతకన్నా సులభమైనది. సముద్రపు నాచునుంచి తీసే అగరోజ్ అనే పదార్థంతో జున్ను లాంటి పలక పోసి, దాని గుంటల్లో డి.ఎన్.ఏ. వేసి, విద్యుత్తు పంపుతారు. డి.ఎన్.ఏ.లో కూడా ఫాస్ఫేట్లున్నాయి. వాటి వల్ల దానికి రుణావేశం వుంటుంది. కనుక ధనధ్రువం వైపు ప్రాకుతుంది. చిన్న ముక్కలు ముందు, పెద్దవి వెనుక. ఇక్కడా పొడవు తెలిసిన ముక్కల వరుస ఒకటి పక్కన పెట్టుకోనిదే మన ముక్క పొడవు చెప్పలేం. నీలిరంగు నాళికల్లో స్టాండర్డ్ చేసిన పనే ఇక్కడ ఆ వరుస చేస్తుంది.

2020లో కరోనా వచ్చినప్పుడు ‘ఆర్.టి. పి.సి.ఆర్.’ అనే మాట చిన్న పల్లెకు కూడా చేరింది. పి.సి.ఆర్. 1983లో కేరీ ముల్లిస్‌కు తోచిన పద్ధతి. వేడి చేసి పోగులు విడదీయడం, చల్లార్చి కొత్త పోగులు పేనించడం, మళ్ళీ వేడి చేయడం. ప్రతి విడతకూ డి.ఎన్.ఏ. రెట్టింపు. చదరంగం గళ్ళలో గింజలు పెట్టిన కథ తెలుసు గదా! ఒక్క అణువుతో మొదలుపెట్టి 30 విడతలు సవ్యంగా జరిగితే 107 కోట్లు దాటుతాయి.

చేరాలా, వద్దా?

నీట్‌లో సీటు రాలేదని ఏడుస్తూ ఈ చదువులో చేరేవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరికి రెండో ఏడాదికల్లా ఇందులో రుచి పుడుతుంది. కొందరు మాత్రం మూడేళ్ళూ దాన్ని ఓడిపోయిన పరీక్షగానే చూస్తారు. రోగులను చూడాలని, వాళ్ళకు మందు రాయాలని మీ కోరిక అయితే ఈ చదువు ఆ కోరిక తీర్చదు. ‘మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తుంది?’ అనే ప్రశ్న మిమ్మల్ని వదలకపోతే ఇది మీదే.

ఉద్యోగాల సంగతి ఇంట్లో తప్పక అడుగుతారు. బి.ఎస్సీ.తోనే ఆగితే దొరికేవి చిన్న ఉద్యోగాలే. మందుల కంపెనీల్లో నాణ్యత పరీక్షలు, అటువంటివి. ఎం.ఎస్సీ. చేస్తే అధ్యాపకులు కావచ్చు, టీకాలూ మందులూ తయారు చేసే సంస్థల్లో మంచి పనులు దొరుకుతాయి. ఈ విషయంలో హైదరాబాదు మనకు దగ్గరలో వున్న పెద్ద కేంద్రం. పరిశోధన వైపు పోవాలంటే అక్కడే 1977లో మొదలైన సి.సి.ఎం.బి. వంటి సంస్థలున్నాయి. కాని ఆ దారి పొడవైనది. బి.ఎస్సీ., ఎం.ఎస్సీ., పిహెచ్.డి. కలిపితే పదేళ్ళ పైమాటే. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వుంటే ఇది ముందే మాట్లాడుకోవాలి. జాతీయస్థాయి అర్హత పరీక్షలో ఫెలోషిప్ వస్తే పరిశోధన కాలంలో నెలనెలా భృతి ఇస్తారు. అంతవరకూ నెట్టుకు రావడమే కష్టం.

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళకు మరో బెంగ. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో వుంటాయి. అయితే ఈ శాస్త్రంలో పేర్లు చాలావరకు తమ సంగతి తామే చెప్పుకుంటాయి. చివర ‘ఓజ్’ వుంటే సాధారణంగా చక్కెర జాతి: గ్లూకోజ్, మాల్టోజ్, పాలలోని లాక్టోజ్. చివర ‘ఏజ్’ వుంటే ఎంజైము: యూరియాను విడగొట్టేది యూరియేజ్, లాక్టోజ్‌ను విడగొట్టేది లాక్టేజ్. ఇలా వంద మాటలు విడదీసి చూసుకున్నవారికి మిగతావి వాటంతట అవే పట్టుబడతాయి. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు కూడా ఈ మాటలు కొత్తవేనని మరవకండి.

చేరేముందు కాలేజీకి ఒకసారి వెళ్ళి ప్రయోగశాల చూడండి. భవనం కాదు, లోపల ఎంతమందికి ఒక కలరీమీటరు వున్నదో అడగండి. పిల్లలు తమ చేతులతో చేస్తారా, అధ్యాపకులు చేస్తుంటే చుట్టూ నిలబడి చూస్తారా అని అడగండి. వీలైతే నిరుటి విద్యార్థుల రికార్డు పుస్తకాలు నాలుగైదు తిరగేయండి. ఫాస్ఫరస్ ప్రయోగం దగ్గర ఆగండి. ఒకరి గీత కాస్త వంగి, ఇంకొకరి చుక్క ఒకటి పక్కకు జరిగి, పక్కన ‘ఈ నాళికలో రంగు ఆలస్యంగా వచ్చింది’ అని పెన్సిలుతో రాసి వుంటే నిశ్చింతగా ఫీజు కట్టండి. అందరి పుస్తకాల్లోనూ అవే అంకెలు, అదే తిన్నని గీత వుంటే మాత్రం, పక్క వూరి కాలేజీ కూడా చూసి రండి.